కుక్కపిల్లకు శుచి నేర్పుట: ఇంటిలోనా, దొడ్డిలోనా?

మన గ్రామములలో కుక్కలేని రైతు లోగిలి అరుదు. కళ్లమున ధాన్యపురాశి యున్న రాత్రులలోను, వేరుసెనగ చేలపై అడవిపందులు పడు ఊళ్లలోను, మందవెంట పోవు గొఱ్ఱెలకాపరికిని కుక్క చేయు మేలు ఇంతింతయని చెప్పనలవికాదు. అయినను ఒక కోడెను కాడికి మరపుటలో మనము చూపు ఓర్పులో పదియవ పాలైనను కుక్కపిల్ల యెడ చూపము. కోడెకు మొదట ఉత్తకాడి మోయించి, పిమ్మట మరగిన ఎద్దు సరసను కట్టి, పిదప దుక్కిలో దింపుదుము. కుక్కపిల్లనో, పొరుగూరినుండి గోనెసంచిలో వేసికొని వచ్చి, వసారాలో విడిచి, మూడవనాడు అది గాదెప్రక్క తడిచేసినదని కఱ్ఱ యెత్తుదుము. పదియవనాటికి ఇది పనికిమాలినదని తీర్మానించి వీధిలోనికి తోలుదుము. అట్లు తోలబడిన పిల్లయే ఏడాది తిరుగునప్పటికి వీధిలో ఈనుటయు, దాని సంతతి ఊరికి బెడదయగుటయు అందఱును చూచుచున్నదే.

విత్తనశుద్ధి, ఎరువులు, అప్పులవాయిదాలు ముచ్చటించు పత్రికలో కుక్కపిల్ల ప్రసంగమేమని సభ్యులు కొందఱు నవ్వవచ్చును. కుక్కపిల్ల ఎచ్చట విసర్జించుననునది కేవలము ఇంటి శుభ్రతకు సంబంధించిన విషయమైనచో మేమును ఇంత దూరము వ్రాయకుందుము. అది ఇంటిబిడ్డల కండ్లకును, కొట్టములోని చూడి ఆవునకును, మందలోని గొఱ్ఱెకును సంబంధించిన విషయము. కావున నేర్పు విధమును చెప్పుటకు ముందు, నేర్పకపోయిన కలుగు హానిని గూర్చి కొంత చెప్పవలసియున్నది.

కుక్కపిల్లలలో ఏలికపాములు లేనిది దాదాపు లేదన్నను తప్పులేదు. ఇవి తల్లికడుపులో నుండగనే పిల్లకు సంక్రమించును. పుట్టిన పిమ్మట చనుబాలవెంట మఱికొన్ని చేరును. చూచుటకు ముద్దుగ, బొద్దుగ నుండు నెలపిల్ల కడుపులోనే ఇవి మెండుగ నుండును. ఒక్కొక్క ఆడపాము దినమునకు లక్ష గ్రుడ్లవరకు, ఒక్కొక్కప్పుడు అంతకు మించియు పెట్టును. అవి మలముతో బయటపడి, కంటికి కనుపించక మంటిలో కలియును. ఇచట రైతు గమనింపవలసిన విశేషమొకటి కలదు. క్రొత్తగ పడిన మలములోని గ్రుడ్డు ఎవరికిని అపకారము చేయజాలదు. దానిలోపల పిల్లపురుగు ఏర్పడుటకు, వెచ్చదనమును తేమయు గల మంటిలోనైనను, సుమారు రెండు మొదలు నాలుగు వారములు పట్టును. ఆ మీదట అది సంవత్సరముల తరబడి చావక మంటిలో పొంచియుండును. ఫినాయిలు చల్లినను, సున్నము జల్లినను దానికి లెక్కలేదు. అనగా, ఏనాటి మలము ఆనాడే ఎత్తివేసిన యింట ఈ పాములు మనుష్యులకు సోకు త్రోవ మూసివేసినట్లే. ఎత్తనియింట నెల తిరుగకమునుపే ముంగిలి చెడినదని తెలియవలెను.

మట్టిలో ఆడుకొని ఆ చేతులే నోటబెట్టుకొను రెండు మూడేండ్ల బిడ్డకు ఈ గ్రుడ్లు లోనికి పోవును. పురుగు బిడ్డ ప్రేవులలో పెరిగి పెద్దదికాదు. పిల్లపురుగుగనే కాలేయమునందును ఊపిరితిత్తులందును తిరుగులాడుచు జ్వరమును, దగ్గును కలిగించును. కొందఱిలో కంటిలోనికి చేరును. అట్లు చేరినచో ఆ కంటిచూపు పోవచ్చును. రెండవకన్ను బాగుగ నుండుటచే బిడ్డ చెప్పుకొనలేదు. బడిలో పలకమీది అక్షరము కానరానప్పుడుగాని తల్లిదండ్రులకు తెలియదు. ఇంటిలో కుక్కపిల్ల యుండుటయు, పసిబిడ్డ యుండుటయు ఒక్కమారే తటస్థించినప్పుడు ఈ విషయమున ఉపేక్ష పనికిరాదు.

కొంకిపురుగులదారి వేఱు. వీని పిల్లపురుగులు తడినేలలో వారము పదిదినములలో తయారై, చెప్పులులేని కాలి చర్మమును తొలుచుకొని పోవును. చర్మముక్రింద ఎఱ్ఱని వంకరగీత దినదినమునకు సాగుచు భరింపరాని దురద పెట్టును. అరటితోటలలోను, నీళ్లతొట్టి ప్రక్క నీడలోను పనిచేయువారు కొందఱు దీనినెఱుగుదురు. ఇది కుక్కమలమువలన వచ్చినదని మాత్రము ఎఱుగరు.

పాడిరైతులు ముఖ్యముగ వినవలసినది ఇంకొకటి. కుక్క మలముద్వారా పశువుల మేతలో కలియు ఒక సూక్ష్మజీవి చూడి ఆవులు ఈచుకొనిపోవుటకు కారణమగుచున్నది. దీనిని వేఱుగ గుర్తించి 1988లో నియోస్పోరా అని పేరిడిన శాస్త్రజ్ఞులలో ముఖ్యుడు, మన దేశమున జన్మించి అమెరికాలో పనిచేసిన జె. పి. దూబేగారు. ఇది కుక్కమలమువెంట బయటపడునని 1998లో తేలినది. ఇది సోకిన ఆవునకు జ్వరముండదు, మేత మానదు. అయిదారు నెలల చూడిలో హఠాత్తుగ ఈచుకొనిపోవును. చూడి నిలువని ప్రతి ఆవును ఈ కారణముచేతనే చెడెనని మేము చెప్పుటలేదు. వేఱు అంటువ్యాధులును కలవు, అది పశువైద్యుడు రక్తపరీక్షవలన తేల్చవలసినది. కాని గడ్డివామిపై నిదురించి, గడ్డివామిమీదనే విసర్జించు కుక్కనుంచుకొని, దైవమును నిందించుట న్యాయముకాదు.

గొఱ్ఱెలకాపరుల కుక్కలలో బద్దెపురుగులు రెండు తెగలవి కలవు. ఒకదాని గ్రుడ్లు మేతతో గొఱ్ఱెలోనికి పోయి మెదడులో నీటితిత్తిగ పెరుగును. ఆ జీవము తల ఒక ప్రక్కకు వాల్చి గిరగిర తిరిగి తిరిగి పడిపోవును. రెండవది వరిగింజంతయు లేని పురుగు. దాని గ్రుడ్డు మనుష్యుని లోనికి పోయినచో కాలేయమున సంవత్సరములకొలది పెరిగి, కొబ్బరికాయంత నీటితిత్తియై, కత్తితో కోసి తీయవలసినదగును. ఈ రెండింటి గ్రుడ్లును పడినక్షణము నుండియే అపాయకరములు. కావున ఏనాటిది ఆనాడు ఎత్తినంతమాత్రమున చాలదు. పడుచోటు కూడ మనము నిర్ణయించినదై యుండవలెను. జంతువులను కోసినప్పుడు పచ్చి కాలేయము, ఊపిరితిత్తులు, తలకాయ కుక్కకు వేయుట మానినగాని ఈ పురుగుల రాక ఆగదు.

ఇక కుక్కపిల్ల స్వభావమునకు వత్తము. పుట్టిన రెండు మూడు వారములవరకు పిల్ల తనంతట తాను విసర్జింపజాలదు. తల్లి నాలుకతో నాకి విసర్జింపజేసి, పడినదానిని తానే శుభ్రముచేయును. తల్లి పండుకొను తావు ఎప్పుడును పొడిగ నుండుటకు ఇదియే కారణము. మూడవవారము దాటి కాళ్లు నిలిచిన పిదప, ఎవరును నేర్పకయే పిల్ల పడకనుండి నాలుగడుగులు దూరముపోయి విసర్జించుట ప్రారంభించును. అమెరికాలోని బార్ హార్బర్ పరిశోధనాలయమున స్కాట్, ఫుల్లర్ అను శాస్త్రజ్ఞులు అనేక సంవత్సరములు కుక్కపిల్లలను పెంచి పరిశీలించి 1965లో ఒక గ్రంథమును ప్రకటించిరి. సుమారు ఎనిమిదిన్నర వారముల వయస్సున పిల్లలు తమకు నిశ్చితమైన తావుల నేర్పరచుకొనునని వారు కనిపెట్టిరి. తన పడకను చెఱుపరాదనునది కుక్కకు పుట్టుబుద్ధి. మనము నేర్పవలసినదెల్ల, ఈ యిల్లంతయు నీ పడకయే సుమా అని తెలియజేయుటయే.

ఆ వయస్సున పిల్ల గుర్తుపెట్టుకొనునది తావును, దాని వాసనను మాత్రమే కాదు. కాలిక్రింది స్పర్శను కూడ. గడ్డిపై అలవాటుపడినది గడ్డినే వెదకును. ఇసుకపై అలవాటుపడినది ఇసుకనే వెదకును. ఇచటనే మనవారు తెలియక పొరబడుచున్నారు. వానకాలమున పిల్ల బయటికి పోలేదని వసారా మూలను పాత గోనెసంచి పరచి దానిపై పోయనిత్తురు. నెలకు పిల్ల చక్కగ గోనెపైననే పోయుట నేర్చును, ఇంటివారు సంతోషింతురు. పంట యింటికి వచ్చి వసారానిండ ధాన్యపుబస్తాలు పేర్చిననాడు ఆ సంతోషము తీరును. కుక్క తప్పుచేయుటలేదు; నేర్పినదే చేయుచున్నది. పాత చాప పరచినయింట క్రొత్తచాపకును ఇదే గతి. పశువులకొట్టములో ఎండుగడ్డిపై పెరిగిన పిల్ల గడ్డివామిని వదలదు. ఆ గడ్డివలన ఏమగునో పైన చెప్పియుంటిమి.

కావున ఇంటిలో నేర్పుట మేలా, బయట నేర్పుట మేలా యను ప్రశ్నకు, దొడ్డి గల రైతునకు బయటనే మేలని మా నిశ్చితాభిప్రాయము. ఇంటిలో ఒకచోట అలవరచి పిదప బయటికి మార్చుట ఒక పాఠమును నేర్పి, మాన్పించి, రెండవపాఠము నేర్పుట వంటిది. అయితే దీనికొక అడ్డు కలదు. 1978 మొదలు లోకమంతట వ్యాపించిన పార్వో యను రక్తవిరేచనముల వ్యాధి కుక్కపిల్లలను రెండు మూడు దినములలో చంపుచున్నది. ఆ వ్యాధి గల కుక్క విసర్జించినచోట ఆ విషము నెలల తరబడి నిలిచియుండును. దీనికి టీకా ఆరు మొదలు ఎనిమిది వారముల వయస్సున మొదలుపెట్టి, మూడు నాలుగు వారములకొకమారు పదునాఱు వారములు నిండువఱకు వేయింపవలెను. అలవాటు కుదురునది ఎనిమిదవ తొమ్మిదవ వారమున. టీకాలు పూర్తియగునది పదునాఱవ వారమున. టీకాలు ముగియువఱకు ఇంటిలోనే యుంచినచో అలవాటు చెడును. వీధికి తీసికొనిపోయినచో ప్రాణము పోవును. పట్టణవాసులు ఈ చిక్కున పడి మిక్కిలి బాధపడుదురు. రైతునకు మాత్రము దైవమిచ్చిన మార్గమున్నది. అది సొంతదొడ్డి. వీధికుక్కలు చొరకుండ కంప నాటిన దొడ్డిలో ఒక మూల ఉన్నచో రెండు పనులును చక్కబడును.

ఆ మూలను నిర్ణయించుట యజమాని చేయవలసిన పని. నూతికి, నీళ్లతొట్టికి దూరముగ నుండవలెను. గడ్డివామి, గాదె, కళ్లము, వడ్లు మిరపకాయలు ఆరబోయు తావు, ఆకుకూరల మడి, పిల్లలాడు చోటు, వీనికి వేటికిని సమీపమున నుండరాదు. వర్షపునీరు ఆ మూలనుండి ఇంటివైపు పారరాదు. పెంటకుప్పమీద అలవాటుచేయుట అందఱకును తోచు ఉపాయమేగాని మేము దానికి సమ్మతింపము. ఆ పెంట రేపు కూరపాదులకు పోవును; ఏలికపాము గ్రుడ్లు అంత సులభముగ కుళ్లిపోవు. నాలుగు మూరల పొడవు, నాలుగు మూరల వెడల్పు గల పొడినేల, నాలుగుదిక్కుల కంప, ప్రక్కన ఒక పాతపార, ఇంతే కావలసినది. రోజు పడిన మలమును పారతో ఎత్తి, నూతికి దూరముగ అడుగులోతు గొయ్యిలో వేసి మన్ను కప్పవలెను. కాలితో ఇసుక కప్పివేయుట ఎత్తివేయుట కాదు.

నేర్పుటకు ఇంటిలో ఒక్కరు పూనుకొనవలెను. ఈ చాకిరి సామాన్యముగ ఎవరి మీద పడునో చెప్పనక్కరలేదు. ఇల్లలుకుటయు కల్లాపిజల్లుటయు చేయు ఇల్లాలిమీదనే ఇదియు పడును. అది న్యాయముకాదు. పిల్ల కావలెనని తండ్రిని వేధించి తెప్పించుకొన్న పది పండ్రెండేండ్ల కుఱ్ఱవాడు ఇంటనున్నచో అతనికే అప్పగింపవలెను. దొడ్డినుండి వచ్చిన ప్రతిమారు సబ్బుతో చేతులు కడుగుకొనుట ఆ పనిలో భాగమే.

పిల్లను దొడ్డికి తీసికొనిపోవలసిన వేళలు ఇవి: నిదురలేచిన వెంటనే, తిన్న పావుగంట మొదలు అరగంటలోపుగ, ఆట ముగిసినంతనే, రాత్రి పండుకొనుటకు ముందు. కడుపులో ఆహారము పడగనే ప్రేవులు కదలుట ప్రకృతిధర్మము. పసిబిడ్డల తల్లులకిది తెలియనిది కాదు. పిల్లకెన్ని నెలలో ఆ సంఖ్యకు ఒకటి కలిపిన అన్ని గంటలకు మించి ఊరకయున్నప్పుడైనను అది ఆపుకొనలేదు. రెండునెలల పిల్ల అయినచో మూడుగంటలు. ఆటలోనున్నప్పుడు ఇంకను తక్కువ. ఆడుచున్న పిల్ల హఠాత్తుగ ఆట మాని నేల మూర్కొనుచు గుండ్రముగ తిరిగినచో, లేదా తలుపువైపుగాని మూలవైపుగాని నడచినచో క్షణము ఆలస్యము చేయరాదు.

మొదటి దినములలో ఎత్తుకొని పోవుటయే మంచిది. నడిపించినచో దారిలోనే కానిచ్చును. ఆ మూలను దింపి, మెడత్రాడు వదలుగ పట్టుకొని, కదలక నిలువవలెను. ఒక్క మాటనే ప్రతిదినము మెల్లగ ఉచ్చరింపవలెను. ‘పో’ అను మాట మాత్రము పనికిరాదు; ఆ మాటతోనే ఊరివారందఱు కుక్కలను అదలింతురు గదా. ‘దొడ్డి’ అన్న చాలును. అయిదునిమిషములలో పని కానిచో లోపలికి తెచ్చి, దృష్టిలోనే యుంచుకొని, పదినిమిషముల పిదప మఱల తీసికొనిపోవలెను. పని ముగించిన మఱుక్షణమున, అక్కడనే, రొట్టెముక్కయో, ఎండుచేప తునకయో నోటికిచ్చి వీపు నిమురవలెను. ఇంటిలోనికి వచ్చిన పిదప ఇచ్చినచో, ఇంటిలోనికి వచ్చినందుకిచ్చినారని పిల్ల అనుకొనును. ఈ మెలకువ చిన్నదిగ కనుపించునుగాని పని చెడునదంతయు ఇచటనే.

తిండికి వేళ లేనియింట విసర్జనమునకు వేళ యుండదు. పొద్దుటి చద్ది, మధ్యాహ్నపు సంగటి, సాయంత్రపు మెతుకులు, ఎవరి కంచములోనిది వారు విదిలించుచు దినమంతయు మేపిన పిల్లకు ఏ గంటయని చూచెదము? నాలుగునెలలవఱకు మూడుపూటలు, పిదప రెండుపూటలు, ఒకే సమయమున పెట్టి, పావుగంటకు మిగిలినది తీసివేయవలెను. పాలు అధికముగ పోసినచో పిల్లలకు విరేచనములగును. దానికి శిక్షణ లోపమని పేరుపెట్టరాదు. మూత్రము తగ్గునని నీళ్లు ఆపివేయుట మన వేసవులలో ప్రాణాంతకము. రాత్రి పండుకొనుటకు గంటముందు నీటిచిప్ప తీసివేసిన చాలును. మండువేసవిలో అదియు వలదు.

రాత్రివేళ పిల్లను ఇల్లంతయు విడువరాదు. మంచముప్రక్క మూలను రెండు పలకలడ్డుపెట్టి, పండుకొని తిరుగుటకు మాత్రము చాలునంత తావు చేసినచో, పడక చెఱుపుటకిష్టములేక పిల్ల కూయును. కూసినప్పుడు లేచి దొడ్డికి తీసికొనిపోయి, మాటలాడక, ఆడింపక తిరిగి తెచ్చి పండుకొనబెట్టవలెను. మూడునెలలు నిండువఱకు రాత్రి ఒక్కమారైనను లేవక తప్పదు. తెల్లవాఱుజామున లేచి పశువులకు మేతవేయు అలవాటున్న రైతునకు రెండవ ప్రయాణము కష్టముకాదు. కోళ్లగంప క్రింద మూసి యుంచుట కొందఱి పద్ధతి. గాలియాడు పెద్దగంప యైనచో రాత్రి కొద్దిగంటలకు తప్పులేదు. పగటియెండలో మూసినచో వడదెబ్బకు చచ్చును.

ఇంటిలో తడిచేసినప్పుడు పిల్ల ముక్కును అందులో రాయుట, చీపురుతో కొట్టుట మన యూళ్లలో సర్వసామాన్యము. దీనివలన పిల్ల నేర్చునదేమి? మనుష్యుడు చూచుచుండగ విసర్జించినచో దెబ్బలు పడునని మాత్రమే నేర్చును. ఆ మీదట గాదెవెనుకకో, మంచముక్రిందికో పోయి దాగి పనికానిచ్చును. అంతకంటె చెడుగేమనగా, దొడ్డికి తీసికొనిపోయి మనము ప్రక్కన నిలిచినను భయముచే విసర్జింపదు. లోపలికి వచ్చి మనము అటు తిరుగగనే కానిచ్చును. ‘తప్పుచేసితినని దానికి తెలియును, ముఖము చూడరాదా, తలవంచుకొన్నది’ అని వాదించువారు కలరు. 2009లో న్యూయార్కునందు అలెగ్జాండ్రా హోరోవిట్జ్ అను విదుషి 14 కుక్కలతో దీనిని పరీక్షించినది. తినవలదన్న తిండిని కుక్క తిన్నను, తినకపోయినను, యజమాని గద్దించినప్పుడు ఆ తలవంపు కనుపించినది. అసలు తినక నిర్దోషియైన కుక్కయే గద్దింపునకు ఎక్కువ తలవంచినది. ఆ ముఖము పశ్చాత్తాపము కాదు, మన కోపమునకు భయము.

జరిగిపోయిన పిదప చూచినచో తుడిచివేయుట తప్ప చేయదగినది లేదు. విసర్జించుచుండగ చూచినచో ఒక్క చప్పట చరచి, పిల్ల ఆగగనే ఎత్తుకొని దొడ్డికి పోవలెను. మిగిలినది అచట చేసినచో మెచ్చుకొనవలెను.

తుడుచుటలోను విశేషమున్నది. మన ముక్కునకు వాసన పోయినంతమాత్రమున కుక్కముక్కునకు పోదు. ఆ వాసనయే మఱల అచటికి పిలుచును. మట్టినేలయైనచో పైన పేడతో అలికిన లాభములేదు. తడిసినంతమేర రెండంగుళముల లోతు మన్ను త్రవ్వి పాఱవేసి, క్రొత్తమన్ను దిమ్మిసవేసి అలుకవలెను. సిమెంటునేలను సబ్బునీటితో కడిగి, వెనిగరు కలిపిన నీటితో తుడిచి ఆరనీయవలెను. మూత్రముపై బ్లీచింగుపొడి చల్లరాదు. రెండును కలిసినచో కండ్లను గొంతును మండించు వాయువు పుట్టును. ఫినాయిలు చల్లిన నేలను నాకి పిల్ల జబ్బుపడును.

దొడ్డిలేని సభ్యులును కొందఱున్నారు. పట్టణములలో మేడపైగదులలో కాపురముండువారికి వేఱుదారి లేదు. అట్టివారు వెడల్పైన తొట్టిలోగాని రేకుపళ్లెములోగాని మన్నుపోసి ఒకేచోట నుంచి దానిపై నేర్పవలెను. కాగితముకంటెను గోనెకంటెను మన్నే మేలు. టీకాలు ముగిసి బయటికి పోయిననాడు కాలికి అదే స్పర్శ తగులును. మన్ను తఱచు మార్చవలెను.

ఈ విధమున నడపినచో నాలుగు మొదలు ఆఱు నెలల వయస్సునకు పెక్కుపిల్లలు కుదురుకొనును. కొన్నింటికి సంవత్సరము పట్టును. యజమానిని చూడగనే నేలకు కఱచుకొని రెండుచుక్కలు విడుచు పిల్ల తప్పుచేయుటలేదు. అది దాని నమస్కారము. గద్దించినచో అధికమగును, పట్టించుకొననిచో పెరుగుటతో పోవును. బాగుగ నేర్చిన పిల్ల హఠాత్తుగ చెఱచుట మొదలిడినచో, మాటిమాటికి చుక్కచుక్కగ పోసినచో, అది రోగము, పశువైద్యునికి చూపవలెను. మగపిల్ల ఆఱవ నెల దాటి స్తంభములకు, బస్తాలకు కాలెత్తుట మఱియొక విషయము. అది విసర్జనము కాదు, తన యెల్లకు గుర్తు వేయుట. వృషణములు తీయించినచో చాలవఱకు తగ్గును. ఆడకుక్కకు గర్భసంచి తీయించినచో వీధిపిల్లల బెడద మొదలే యుండదు.

ఏలికపాముల మందు పిల్ల పుట్టిన రెండవవారము మొదలు ఎనిమిదవవారమువఱకు పక్షమునకొకమారును, పిమ్మట ఆఱునెలలవఱకు నెలకొకమారును, ఆ తరువాత మూడు నెలలకొకమారును బరువునుబట్టి వైద్యుడు చెప్పిన మోతాదున ఇయ్యవలెను. ఇంటిలో రెండునెలల పిల్లను తెచ్చుకొన్నవారు అంతకుముందు మందుపడినదో లేదో కనుగొనక పడలేదనియే యెంచుకొనుట క్షేమము. ఈ మందు ఖరీదు స్వల్పము. ఒక్కొక్కరు పట్టణమునకు పోయి ఒక్కొక్క బిళ్ల కొనుటకంటె సంఘమువారు ఊరిలోని కుక్కల లెక్క వ్రాసికొని ఒక్కమారే తెప్పించి, పశువైద్యుని రావించి ఒక్కదినముననే ఇప్పించుట చౌకయు, సులువును. పొరుగువాని కుక్క పురుగులతో నుండగ మన కుక్కకొక్కదానికే మందిచ్చిన ఫలము కొలదిదినములే.

ఆ దినముననే పిచ్చికుక్కవ్యాధి టీకాయు వేయింపవచ్చును. ఇది మూడునెలల వయస్సున వేయించి, వైద్యుడు చెప్పిన గడువున మఱల వేయించి, ఆ పైన ఏటేట వేయింపవలెను. 1885 జూలై 6వ తేదిని ఫ్రాన్సుదేశమున పాశ్చరుగారు పిచ్చికుక్క కఱచిన బాలునికి తొలుత టీకా వేసిరి; ఆ తేదిని ఏటేట పశువులనుండి మనుష్యులకు వచ్చు వ్యాధుల దినముగ పాటించుచు, పెక్కు పశువైద్యశాలలలో కుక్కలకీ టీకా ఉచితముగ వేయుచున్నారు. శిక్షణకాలమున పిల్ల ఆటగ కఱచుటయు, గోరుతో గీరుటయు సహజము. టీకాపడని చిన్నపిల్లయేగదా యని ఊరకుండరాదు. గాయమును పంపునీటిక్రింద సబ్బుతో పదునైదు నిమిషములు కడిగి, కారము, సున్నము, పసరులు పూయక, ఆనాడే ప్రభుత్వవైద్యశాలకు పోవలెను. వైద్యుడిచ్చు టీకాచీటిని భూమి పాసుపుస్తకముతోపాటు పెట్టెలో నుంచవలెను. కుక్క ఎవరినైన కఱచినచో మొదట అడుగబడునది ఆ చీటియే.